మాజీ సైనికుడైన తాతయ్య జీవితాన్ని చిన్న పుస్తకంగా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మీ తాతయ్య గారు 1957లో మద్రాస్ రెజిమెంట్‌లో చేరి 1975లో హవల్దారుగా ఇంటికొచ్చారు. గుంటూరు జిల్లాలో మీ ఊరి లూథరన్ సంఘానికి చాలా ఏళ్లు పెద్దగా ఉన్నారు. మొదటి వర్ధంతికి జరిగే జ్ఞాపకార్థ కూడికలో ఆయన జీవితం మీద పుస్తకం పంచాలని మీ కోరిక. ఆరు నెలల సమయం ఉంది. ట్రంకుపెట్టెలో డిశ్చార్జి బుక్కు, ఐదు మెడల్స్, ఓ కట్ట ఇన్‌లాండ్ లెటర్లు, ఆయన బైబిలు ఉన్నాయి. నానమ్మ గారు ఉన్నారు.

సూటిగా చెప్పాలంటే ఈ వారంలోనే రెండు పనులు చేయండి, రాయడం మాత్రం ఇంకా మొదలుపెట్టకండి. మొదటిది, నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపడం. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఇది ముందు. రెండోది, నానమ్మ గారి దగ్గర కూర్చోవడం. కాగితాలు పెట్టెలో ఆగుతాయి, ఆవిడ వయసు ఆగదు.

ముందు రాయొద్దని ఎందుకంటున్నానంటే, ఇలాంటి పుస్తకాలు చాలావరకు చెడేది అక్కడే. పిల్లలు, మనవలు కూర్చుని “క్రమశిక్షణకు మారుపేరు, దైవభక్తి పరుడు, దేశం కోసం సర్వస్వం త్యాగం చేసిన ధన్యజీవి” అని నాలుగు పేజీలు రాసేస్తారు. పేరు మార్చి పక్క ఊరి మాజీ సైనికుడి పుస్తకంలో పెట్టినా సరిపోతుంది. మీ తాతయ్యకే చెందే వివరం ఒక్కటీ ఉండదు. అందుకని మొదట ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని ఏడాదికో వరస చొప్పున, పుట్టిన ఏడు నుంచి పోయిన ఏడు దాకా పట్టిక గీయండి. నాలుగు గడులు చాలు: సైన్యంలో ఎక్కడున్నారు, ఇంట్లో ఏం జరిగింది, సంఘంలో లేదా ఊళ్లో ఏం జరిగింది, ఈ మాటకు ఆధారం ఏమిటి. నాలుగో గడి ఎప్పుడూ ఖాళీ వదలకండి. “నానమ్మ చెప్పింది” అన్నా ఆధారమే, కానీ అలా అని రాసి ఉండాలి.

ఈ పట్టిక సగం నిండేసరికి పుస్తకం దానంతటదే కనిపిస్తుంది. పిల్లలు పుట్టిన సంవత్సరాల పక్కన ఆయన పోస్టింగులు పడతాయి. ఏ కాన్పుకు ఆయన ఇంట్లో ఉన్నారో, ఏ బిడ్డను ఎన్ని నెలలకు మొదటిసారి ఎత్తుకున్నారో అక్కడే తేలుతుంది. కుటుంబం కోసం ఆయన ఏం చేశారన్నది రాయాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. పదిహేను, పద్దెనిమిదేళ్లు ఇల్లు నడిపింది నానమ్మ గారని కూడా ఆ పట్టికే చూపిస్తుంది. పుస్తకంలో ఆవిడకు ఒక ఫొటో, ఒక వాక్యం ఇచ్చి సరిపెట్టకండి.

డిశ్చార్జి బుక్కు చదవడం

అందులో సర్వీసు నంబరు, తండ్రి పేరు, ఊరు, పోస్టాఫీసు, ఠాణా, దగ్గరి రైల్వే స్టేషను, చేరిన తేదీ, విడుదలైన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు, ఆర్మీలో పాసైన చదువు పరీక్షలు, పతకాలు, గాయాలు, నడవడిక మీద మాట ఉంటాయి. నడవడిక దగ్గర “ఎగ్జెంప్లరీ” అని ఉంటే అది ఆ వరసలో అన్నిటికన్నా పైది. విడుదలకు కారణం దగ్గర ఆర్మీ రూల్ 13(3) ప్రకారం, చేరినప్పటి షరతులు పూర్తయినందువల్ల అన్న అర్థంలో వాక్యం ఉంటే భయపడాల్సిందేమీ లేదు. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చిన జవాన్లందరికీ దాదాపు అదే ఉంటుంది. డిశ్చార్జి అన్న మాట చూసి ఉద్యోగం తీసేశారేమోనని కంగారుపడి ఆ పుస్తకం దాచేసిన ఇళ్లున్నాయి.

పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. ఆ రోజుల్లో బడి సర్టిఫికెట్ లేకపోతే భర్తీ చేసుకున్నవాళ్లు చూసి వేసిన వయసే రికార్డయ్యేది. బాప్తిస్మ రిజిస్టర్లో ఇంకో తేదీ ఉండవచ్చు. రెండూ వేసి ఏది ఎక్కడిదో చెప్పండి, ఒకటి కొట్టేయకండి. పేరు సంగతీ అంతే. ఆర్మీ కాగితాల్లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోవచ్చు, పొడి అక్షరమే మిగలవచ్చు. బాప్తిస్మపు పేరు ఒకటి, రికార్డులో పేరు ఒకటి ఉన్న కుటుంబాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. అలా ఉంటే ఏది అచ్చువేయాలన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. పిల్లల కుల ధ్రువపత్రాలతో ముడిపడిన విషయం కావచ్చు. తర్వాత గొడవ కన్నా ముందు మాట మంచిది.

హోదా విషయంలో ఊరి పిలుపును నమ్మకండి. మన ఊళ్లలో మాజీ సైనికులందరూ “మిలిటరీ ఆయన”, కాస్త దర్జాగా ఉంటే “కెప్టెన్ గారు”. డిశ్చార్జి బుక్కులో హవల్దారు అని ఉంటే హవల్దారే. రిటైరయ్యాక గౌరవ నాయబ్ సుబేదారు హోదా ఇచ్చి ఉంటే దానికి వేరే పత్రం ఉంటుంది, వెతకండి. ఉత్తరాల్లో “జమేదారు సాబ్” అని కనిపిస్తే అది ఇప్పటి నాయబ్ సుబేదారు హోదా. 1965లో పేరు మారింది.

రికార్డు ఆఫీసుకు ఉత్తరం

ఒక పేజీ దాటకండి. ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయండి. సర్వీసు నంబరు, హోదా, పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు మొదటి పేరాలోనే ఉండాలి. నానమ్మ గారి సంతకంతో వెళ్తే మంచిది, భార్యగా ఆవిడ పేరు వాళ్ల రికార్డులో ఇప్పటికే ఉంటుంది. మరణ ధ్రువపత్రం, డిశ్చార్జి బుక్కు మొదటి పేజీల జిరాక్సులు జతచేయండి. అడగాల్సినవి మూడే: ఏయే బెటాలియన్లలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారు, ఏయే పతకాలకు అర్హత ఉంది, పెళ్లి, పిల్లల వివరాలు ఏ పార్ట్ టూ ఆర్డర్లలో (జవాను వివరాల్లో మార్పులు నమోదు చేసే ఉత్తర్వుల్లో) వచ్చాయి. “మా తాతగారి వీరగాథ పంపండి” అని రాస్తే ఆ ఉత్తరం ఏ బల్ల మీదికీ వెళ్లదు.

ఆయన పెన్షనరు కావడం మీ అదృష్టం. పెన్షన్ లేకుండా వచ్చేసినవారి సర్వీసు పత్రాలను పాతికేళ్ల తర్వాత నాశనం చేసే నిబంధన ఉంది. అలాంటివారికి శాశ్వతంగా ఉంచే లాంగ్ రోల్ అనే పేర్ల చిట్టాలోని నాలుగు ముక్కలే దొరుకుతాయి. పెన్షనర్లవి ఇంకా ఎక్కువ కాలం ఉంచుతారు, అయినా 1975 అంటే యాభై ఏళ్లయింది. ఆలస్యం చేయకండి. ఎంతకీ జవాబు రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మళ్లీ రాయించండి, ఆపైన పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది.

ఇది చదివే మిగతావారికి: రెజిమెంటు మారితే రికార్డు ఆఫీసు ఊరు మారుతుంది. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, సిగ్నల్స్ జబల్పూర్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏవోసీ (ఆయుధ సామగ్రి విభాగం) రెండూ సికింద్రాబాద్, మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ బెంగళూరు, ఆర్మీ మెడికల్ కోర్ లక్నో.

మెడల్స్

ముందుగా, బ్రాసో వేసి తోమకండి. అంచు మీద నంబరు, హోదా, పేరు సన్నగా చెక్కి ఉంటాయి. తోమేకొద్దీ అవి అరిగిపోతాయి. టార్చిలైటు పక్కనుంచి వేసి భూతద్దంతో చూడండి. నక్షత్రం ఆకారంలోవైతే వెనకవైపు చూడండి.

1957 నుంచి 1975 దాకా ఉన్న జవానుకు వచ్చే వీలున్నవాటిలో ముఖ్యమైనవి ఇవి. సమర సేవా స్టార్ 1965 యుద్ధంలో, 1965 ఆగస్టు 5 నుంచి 1966 జనవరి 25 మధ్య, పోరు ప్రాంతంలో పనిచేసినవారికి. రక్షా మెడల్ అదే యుద్ధానికి, కానీ 1965 ఆగస్టు 5 నాటికి 180 రోజుల సర్వీసు ఉంటే దేశంలో ఎక్కడున్నా ఇచ్చారు. 1971కి పశ్చిమీ స్టార్ పడమటి సరిహద్దుకు, పూర్వీ స్టార్ తూర్పు వైపుకు. సంగ్రామ్ మెడల్ మాత్రం చాలా విశాలమైన ప్రాంతానికి ఇచ్చారు, అది ఉన్నంత మాత్రాన ఆయన కాల్పుల్లో ఉన్నారని రాయకూడదు. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం వచ్చింది. సైన్య సేవా మెడల్, జనరల్ సర్వీస్ మెడల్ ఉంటే రిబ్బను మీద అడ్డంగా ఉండే పట్టీ చదవండి. “నేఫా 1962”, “గోవా 1961”, “నాగా హిల్స్” లాంటి పేరు ఉంటుంది (నేఫా అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్). ఆయన ఎక్కడ పనిచేశారో చెప్పే ఆధారాల్లో అన్నిటికన్నా నమ్మదగినది అదే.

ఐదింటిలో ఒక్కటీ శౌర్య పతకం కాకపోవచ్చు. అందులో తలవంపేమీ లేదు. కానీ రజతోత్సవ పతకాన్ని “రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్న సాహస పతకం” అని అచ్చువేస్తే, కూడికకు వచ్చిన ఇంకో మాజీ సైనికుడు నవ్వుకుంటాడు. నిజంగా సేనా మెడల్ లాంటిది ఉంటే భారత ప్రభుత్వ గెజిట్‌లో ఆయన పేరు, తేదీ ఉంటాయి. మెన్షన్ ఇన్ డిస్పాచెస్ అయితే రిబ్బను మీద చిన్న కంచు తామరాకు ఉంటుంది.

ఉత్తరాలు, బైబిలు

ఇన్‌లాండ్ లెటర్లు మడతల దగ్గర చిరుగుతాయి. సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. గాలి వీచని చోట, పగటి వెలుతురులో పరిచి రెండు వైపులా ఫోనుతో ఫొటో తీసి, తేదీల వరసలో నంబర్లు వేయండి. సరిహద్దులో ఉన్నప్పుడు జవాను తానున్న చోటి పేరు రాయకూడదు, అందుకే చిరునామాలో 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీవో అనో ఉంటుంది. 56 ఢిల్లీ మీదుగా పోయే టపా, అంటే ఎక్కువగా పడమర, ఉత్తరం. 99 కలకత్తా మీదుగా, తూర్పు, ఈశాన్యం. ముద్రలో ఎఫ్‌పీవో (ఫీల్డ్ పోస్టాఫీసు) నంబరు కనిపిస్తే అది కూడా పట్టికలోకి ఎక్కించండి. రికార్డు ఆఫీసు చెప్పిన బెటాలియను తేదీలతో సరిచూస్తే సెక్టారు చాలావరకు తెలుస్తుంది.

ఉత్తరాల్లోంచి పుస్తకంలోకి తీసుకునేటప్పుడు ఆయన రాసిన తప్పులు దిద్దకండి. “డబ్బు 40 పంపినాను, దూడను అమ్మవద్దు” లాంటి వాక్యం దొరికితే మీరు రాసే పేజీ కన్నా బరువైనది. ఏవి బయటపెట్టాలో నిర్ణయించేది మాత్రం నానమ్మ గారే, అవి ఆవిడకు వచ్చినవి.

బైబిలు మొదటి, చివరి ఖాళీ పేజీలు తప్పక చూడండి. పుట్టుకలు, చావులు, బాప్తిస్మాలు అక్కడే రాసుకునేవారు. అంచుల్లో పెట్టిన తేదీలు, ఊళ్ల పేర్లు సర్వీసు కాలంవే అయితే పోస్టింగుల పట్టికకు ఇంకో ఆధారం దొరికినట్టే. ఏ వాక్యం కింద గీత గీశారో, పక్కన ఏ తేదీ వేశారో చూసి అదే ఏడాది ఇంట్లో ఏం జరిగిందో చూడండి. అర్థం మాత్రం మీరు చెప్పకండి, రెండూ పక్కపక్కన పెట్టి వదిలేయండి.

సైన్యంలో విశ్వాసం సంగతి రాసేటప్పుడు ఊహకు పోవద్దు. ఆర్మీలో పండిట్, గ్రంథి, మౌల్వీ, పాద్రీ అని మతబోధకులు జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) హోదాలో ఉంటారు, కానీ పాద్రీ ప్రతి యూనిట్లోనూ ఉండడు. మద్రాస్ రెజిమెంటు బెటాలియన్లలో తమిళులు, మలయాళీలు, తెలుగువాళ్లు, కన్నడిగులు కలిసి ఉంటారు, హిందువులూ క్రైస్తవులూ కలిసే ఉంటారు. ఆదివారం ప్రార్థన ఏ భాషలో జరిగేది, పాట ఎవరు ఎత్తుకునేవారు, మందిర్ పరేడ్‌కు (యూనిట్ సామూహిక ప్రార్థనకు) అందరితో పాటు నిలబడేవారా, క్రిస్మస్‌కు లంగర్‌లో (యూనిట్ వంటశాలలో) ఏం వండేవారు: వీటికి జవాబు బతికున్న సహచరుల దగ్గరే ఉంటుంది. నానమ్మ గారిని ఇద్దరు ముగ్గురి పేర్లు అడిగి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనో మాజీ సైనికుల సంఘంలోనో వాకబు చేయండి.

1975 తర్వాత

పుస్తకంలో సగానికి పైగా ఇదే ఉండాలని నా అభిప్రాయం. చాలామంది యుద్ధాల దగ్గర ఆగి, తర్వాతి నలభై ఏళ్లు రెండు పేరాల్లో చుట్టేస్తారు. మీరు నిజంగా రుజువు చేయగలిగిన జీవితం మాత్రం ఊళ్లోనే ఉంది.

సంఘం మినిట్స్ పుస్తకం, కానుకల రిజిస్టరు, బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చూడటానికి పాస్టరు గారి అనుమతి అడగండి. “గుడి కట్టించారు” అని రాయడానికి ముందు తీర్మానం ఎవరు పెట్టారు, చందా ఎవరు వసూలు చేశారు, లెక్క ఎవరు రాశారు అన్నది చూడండి. శంకుస్థాపన రాయి మీద, చందాదారుల పాలరాతి పలక మీద పేర్లు ఫొటో తీసుకోండి. ఆయన కోశాధికారి అయితే ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు కోశాధికారి అని రాయండి. నలుగురు చేసిన పనిని ఒక్కరికి కట్టబెడితే ఆ మిగతా ముగ్గురి పిల్లలు కూడికలో ముందు వరసలోనే కూర్చుంటారు.

ప్రభుత్వం మాజీ సైనికుడిగా భూమి ఇచ్చి ఉంటే అసైన్‌మెంట్ పట్టా తేదీ ఉంటుంది. తర్వాత బ్యాంకు గార్డుగానో ఇంకెక్కడో మళ్లీ ఉద్యోగం చేసి ఉంటే నియామకపు కాగితం ఉంటుంది. సేవ అన్నది మాత్రం కాగితాల్లో తక్కువగా దొరుకుతుంది. ఊళ్లో ఉన్న సైనిక వితంతువుల దగ్గరికి వెళ్లండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు ఎవరు తీసుకెళ్లేవారు, ఫ్యామిలీ పెన్షన్ ఆగినప్పుడు అర్జీ ఎవరు రాశారు అని అడగండి. గుంటూరు భర్తీకి వెళ్లే కుర్రాళ్లను తెల్లారుజామున 1.6 కిలోమీటర్ల పరుగుకు ఎవరు లేపేవారో ఆ కుర్రాళ్లు చెబుతారు, ఇప్పుడు వాళ్లకే పిల్లలుంటారు.

అడిగే తీరు ముఖ్యం. “తాతయ్య ఎలాంటివారు?” అంటే “దేవుడిలాంటివాడు” అనే జవాబు తప్ప ఏమీ రాదు. సెలవుకు ఏ స్టేషన్లో దిగేవారు, ట్రంకులో ఏం తెచ్చేవారు, మనియార్డరు ఎంత వచ్చేది, ఉత్తరం ఎవరు చదివి వినిపించేవారు, కోపం వస్తే ఏం చేసేవారు అని అడగండి. నానమ్మ గారిని ఒక్కసారిలో అరగంట మించి కూర్చోబెట్టకండి. ఫొటో ఒకటి చేతిలో పెట్టి, ఫోను రికార్డరు పెట్టి మీరు ఊరుకోండి. ఏడాది గుర్తులేకపోతే “పెద్ద బాబాయి అప్పటికి పుట్టాడా?” అంటే చాలు.

తాగుడు, అప్పులు, అన్నదమ్ముల తగాదా లాంటివి ఉంటే? అన్నీ వేయనక్కర్లేదు. కానీ మాట తీరు కఠినం, పిల్లలు భయపడేవారు అన్న నిజం ఒకటి ఉంటే దాన్ని ఉంచండి. అది లేకుంటే చుట్టూ ఉన్న మంచి కూడా ఎవరూ నమ్మరు.

అచ్చు

డెమీ 1/8 సైజు, 64 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు నాలుగు. 80 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం, 250 లేదా 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు అట్ట. ఇంతవరకు మధ్యలో పిన్నులు కొట్టినా నిలుస్తుంది. రెండు వందల లోపు ప్రతులైతే డిజిటల్‌లోనే చేయించండి, అంతకు బాగా ఎక్కువైతే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. పాత ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అచ్చుకు పనికిరాదు.

డీటీపీవాళ్లు చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని అను ఫాంట్లే వాడతారు. మీరు ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసింది వాళ్లు మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, అంకెలు మారిపోతాయి. అందుకే ప్రూఫు రెండుసార్లు, కాగితం మీదే చూడాలి. ఒకసారి మామూలుగా చదవడానికి, ఇంకోసారి పేర్లు, తేదీలు మాత్రమే పట్టికతో సరిచూడటానికి.

పీపీవో నంబరు, బ్యాంకు ఖాతా, నానమ్మ గారి ఆధార్ ఉన్న ఏ పేజీనీ అచ్చువేయకండి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఒంటరి ఆడవాళ్లను ఫోనులో మోసం చేసేవాళ్లకు కావలసింది సరిగ్గా అవే. అసలు డిశ్చార్జి బుక్కు, పీపీవో ప్రెస్సుకు పంపొద్దు, స్కాన్లు చాలు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌కూ పెన్షన్ పనికీ అవి రేపు కూడా కావాలి.

చివర్లో రెండు పేజీలు ఖాళీగా వదలమని డీటీపీ అబ్బాయికి ముందే చెప్పండి. వెల్లింగ్టన్ నుంచి జవాబు కూడిక అయ్యాక వస్తే, ఆ బెటాలియన్ల తేదీలు ఒక చీటీగా వేయించి అక్కడ అతికించుకోవచ్చు.